గెజిట్ చదువు: వ్యాపారి కంటె ముందు

(ఢిల్లీ, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో జరిగిన తెలుగు సభ్యుల అధ్యయన సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమును యూనియన్ కార్యాలయములో గాక ఈ కాలనీలో ఏర్పాటు చేయుటకు కారణము మీలో పలువురికి తెలియును. మీ బిడ్డలు ఈ వీధులలోనే ఉన్నారు. నిన్న కార్యవర్గ సమావేశము ముగియగానే సంచులలో ఆవకాయ సీసాలు, కందిపొడి డబ్బాలు సర్దుకొని మీరు ఇచ్చటికి వచ్చితిరి. "మా వాని గది చూచి వత్తుము" అని ఉత్సాహముగా బయలుదేరి, ఆ గదిని చూచి, మాట లేక తిరిగి వచ్చిన వారిని మేము చూచితిమి. ఒక మంచము, ఒక బల్ల, గాలి రాని కిటికీ; దానికి ఇచ్చు అద్దె మన గ్రామీణ డాక్ సేవకునకు నెలంతటికి చేతికి వచ్చు సొమ్ముతో పోటీపడుచున్నది.

ఈనాడు మాకిచ్చిన విషయము: "ఆర్థిక పరిణామములు, ప్రభుత్వ నిబంధనలు - వాటిలో వ్యాపారావకాశములను గుర్తించుట". ఇది యూనియన్ వేదికపై మాట్లాడదగిన విషయమా అని ఒక మిత్రుడు సందేహించెను. తప్పక మాట్లాడదగినదే. ప్రభుత్వము ఒక ఉత్తరువు జారీ చేసిన నాడు దానిని మొదట చదువువాడు వ్యాపారి. చిట్టచివర చదువువాడు ఆ ఉత్తరువు వలన డబ్బు చెల్లింపవలసినవాడు. ఆ చెల్లించువాడు అనేక పర్యాయములు మనమే అగుచున్నాము. ఈ వరుసను మార్చవలెనన్నదే ఈనాటి మా మనవి.

ఈ వీధుల కథ

ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. మనము కూర్చున్న ఈ కాలనీ దేశ విభజన తరువాత పశ్చిమ పాకిస్తాన్ నుండి సర్వస్వము కోల్పోయి వచ్చిన కాందిశీకుల కొరకు ప్రభుత్వము నెలకొల్పినది. మన ప్రథమ రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారి పేరు దీనికి పెట్టిరి. ప్రక్కనున్న సర్ గంగారామ్ ఆసుపత్రి కూడ ఒక విధముగా కాందిశీకురాలే. 1921లో లాహోరులో పుట్టి, విభజన తరువాత ఢిల్లీలో మరల వెలసినది. చిన్న స్థలములు, ఒక అంతస్తు ఇండ్లు, ముంగిట నులక మంచములు: ఆనాటి రాజిందర్ నగర్ అట్టిది.

అట్టి చోట నేడు గోడ కనబడకుండ బోర్డులు వ్రేలాడుచున్నవి. ఈ మార్పు ఒక్కనాటిది కాదు, ఒక్కరి తెలివి వలన వచ్చినదియు కాదు. వేరు వేరు కాలములలో, వేరు వేరు కార్యాలయములలో తీసికొన్న నిర్ణయములు ఇచ్చట వచ్చి కలిసినవి.

మొదటిది పరీక్షా విధానము. కొఠారీ కమిటీ సిఫారసుననుసరించి 1979 నుండి సివిల్ సర్వీసు పరీక్షకు ప్రిలిమినరీ అను తొలి మెట్టు వచ్చినది. అభ్యర్థికి అది ఇంకొక పరీక్ష. శిక్షణ ఇచ్చువానికి ఇంకొక సరకు.

రెండవది రవాణా. 2005 డిసెంబరు 31న ద్వారక నుండి బారాఖంబా వరకు మెట్రో రైలు మార్గము తెరచిరి. కరోల్ బాగ్, రాజేంద్ర ప్లేస్ స్టేషన్లు ఆ మార్గములోనివే. ఎక్కడనో గది తీసికొన్న విద్యార్థి కూడ ఇచ్చటికి తేలికగా రాగలిగెను.

మూడవది నగర ప్రణాళిక. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తరువుల ననుసరించి నివాస ప్రాంతములలోని దుకాణములకు సీళ్లు వేయుట ఢిల్లీ అంతట సాగినది. వ్యాపారులు వీధికెక్కిరి. అంతట ప్రభుత్వము నిబంధనలనే సవరించెను. 2007 ఫిబ్రవరి 7న ప్రకటించిన 2021 మాస్టర్ ప్లానులో నివాస స్థలములయందు కొన్ని షరతులపై, రోడ్డు వెడల్పును బట్టి, కొన్ని కార్యకలాపములకు అనుమతి ఇచ్చిరి. శిక్షణా కేంద్రములు ఆ జాబితాలో ఉన్నవి. ఇంటి యజమాని ఆ పుటను చదివెను. క్రింద వాహనములు, పైన నాలుగు అంతస్తులు లేపెను. మనవాడు ఆ పుటను చదువలేదు. నెల నెలా దాని అద్దె మాత్రము చెల్లించుచున్నాడు.

పోస్టులు తగ్గిన కొలది పెరుగు వ్యాపారము

నాలుగవ కారణము మన ఇంటిలోనిది. 1990-91 ప్రాంతమున రైల్వేలలో పదహారు లక్షలకు పైబడి ఉద్యోగులు ఉండిరి. నేడు ఆ సంఖ్య సుమారు పన్నెండు లక్షలు. పోస్టులు తగ్గినప్పుడు శిక్షణ వ్యాపారము కూడ తగ్గవలెను గదా అని మనము అనుకొందుము. జరిగినది తలక్రిందులు. 2019లో రైల్వే బోర్డులు నాన్-టెక్నికల్ కొలువులకు 35,281 ఖాళీలు ప్రకటింపగా, సుమారు ఒక కోటి ఇరువది ఐదు లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఆ పరీక్షా ఫలితముల విషయమై 2022 జనవరిలో బీహారులో యువకులు పట్టాలపైకి వచ్చినది మీరెరుగుదురు.

సివిల్ సర్వీసుల సంగతియు ఇంతే. 2024 పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు చేసిరి. 5,83,213 మంది ప్రిలిమినరీ వ్రాసిరి. తుదకు 1,009 మంది ఎంపికైరి. ఈ అంకెలు చూచి తండ్రి భయపడును. వ్యాపారి వేరుగా చదువును. ఎంపికైన వేయి మంది అతని బేరగాండ్రు కారు. వారు అతని గోడ మీది బొమ్మలు. మిగిలిన లక్షలాది మంది అతని బేరగాండ్రు, వారిలో పలువురు మరుసటి ఏడు మరల వత్తురు. కోరినది దొరకని వాడు మరల మరల కొనును. ఏ సరకునకును ఇట్టి గిరాకీ లేదు.

దీనిని మేము ద్వేషముతో చెప్పుట లేదు. శ్రద్ధగా పాఠము చెప్పు అధ్యాపకులు ఈ వీధులలో ఉన్నారు; వారి వలన మన బిడ్డలలో కొందరు మేలు పొందిరి. అయితే వ్యాపారావకాశము అనగా ఏమి అని అడిగినప్పుడు తెలిసికొనవలసిన మొదటి మాట ఇదియే: అవకాశము ఆకాశము నుండి ఊడిపడదు. ప్రభుత్వము ఒక పని నుండి తప్పుకొన్నచోట, లేక ఒక కొత్త షరతు పెట్టినచోట, నడుమ ఒక ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీని ముందుగా చూచినవాడు అందులో కొట్టు తెరచును.

మన ముంగిటనే జరిగినవి

తపాలా సోదరులు ఈ సంగతిని అనుభవించి ఎరుగుదురు. 1898 నాటి పోస్టాఫీసు చట్టము నాలుగవ సెక్షను ఉత్తరములను చేరవేయు ప్రత్యేకాధికారమును ప్రభుత్వమునకే ఇచ్చినది. కొరియర్ కంపెనీలు ఆ చట్టమును మనకంటె శ్రద్ధగా చదివినవి. "మేము చేరవేయునవి ఉత్తరములు కావు, డాక్యుమెంట్లు, పార్సిళ్లు" అని చెప్పి 1980వ దశకమున నగరములలో అల్లుకొనినవి. చట్టములోని ఒక్క పదము చుట్టు ఒక పరిశ్రమ లేచినది. శాఖ 1986 ఆగస్టు 1న స్పీడ్ పోస్టును ప్రారంభించెను. ఆ పని జరుగునప్పటికి బ్యాంకుల, కంపెనీల బేరము కొంత బయటకు పోయినది. తుదకు 2023 పోస్టాఫీసు చట్టము 2024 జూన్ 18 నుండి అమలులోకి వచ్చి, పాత చట్టముతోపాటు ఆ ప్రత్యేకాధికారమును కూడ తుడిచివేసినది.

విదేశములలోను ఇట్లే జరిగినది. 1969లో ముగ్గురు అమెరికనులు శాన్ ఫ్రాన్సిస్కో నుండి హోనొలులునకు ఓడల కాగితములను విమానములో చేరవేయు పని మొదలుపెట్టిరి. ఓడ రేవు చేరుటకు ముందే కాగితములు చేరినచో కస్టమ్స్ పని ముగిసి, సరకు దిగుట ఆలస్యము కాదు. కస్టమ్స్ నిబంధనలోని నిరీక్షణ కాలమే వారి పెట్టుబడి. ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరములే డి.హెచ్.ఎల్.

మన పెన్షను మాట తీసికొనుడు. 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వములో, సైనిక దళములు మినహా, కొత్తగా చేరినవారికి జాతీయ పెన్షను పథకము వర్తింపజేసిరి. అంతవరకు పెన్షను ప్రభుత్వము చెల్లించు బాధ్యత. ఆ ఉత్తరువుతో అది పెన్షను నిధుల నిర్వాహకులకు ఒక విపణి అయినది. మనకు హక్కు పోయిన తేదీ ఇంకొకరికి వ్యాపారము పుట్టిన తేదీ. ఒకే ఉత్తరువును ఇరుప్రక్కల నుండి చదువుట అలవాటు చేసికొనవలెను.

మూడవ బూతు

ఇక మా తప్పిదము ఒకటి చెప్పవలసియున్నది. మేము కోస్తా జిల్లాలలో శాఖా కార్యదర్శులుగా పని చేయుచున్న దినములవి. మా సభ్యులలో గార్డుగా పని చేసిన ఒక పెద్దమనిషి 2001లో పదవీ విరమణ చేసెను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి వచ్చిన సొమ్ములో కొంత కూతురి పెండ్లికి పోగా, మిగిలిన దానితో స్టేషను ఎదుట ఎస్.టి.డి. బూతు తెరచెను. ఆనాడు పసుపుపచ్చ బోర్డు కనబడని వీధి లేదు. రాత్రి పది దాటిన తరువాత జనులు వరుసలో నిలువబడి దూరపు బిడ్డలతో మాట్లాడుకొనెడివారు. ఆయన ఏడాదికే రెండవ బూతు పెట్టెను. 2003 ఫిబ్రవరిలో అప్పు చేసి మూడవది తెరచెను.

ఆ ప్రారంభోత్సవమున రిబ్బను కత్తిరించినవారిలో మేమును ఉంటిమి. "రిటైరైన రైల్వే ఉద్యోగి ఎట్లు జీవింపవలెనో ఈయనను చూచి నేర్చుకొనుడు" అని ఉపన్యసించితిమి కూడ.

సోదరులారా, టెలిఫోను నియంత్రణ సంస్థ కొత్త ఛార్జీల నిబంధనను 2003 జనవరిలోనే వెలువరించినది. మే 1 నుండి అది అమలైనది. సెల్ ఫోనుకు వచ్చు కాలుకు డబ్బు చెల్లింపవలసిన పని అంతటితో పోయినది. రిక్షా నడుపువాడు కూడ సెల్ ఫోను కొనుటకు అదియొక ముఖ్య కారణము. ఆ నిబంధన గురించి వార్తాపత్రికలలో వచ్చినది. ఆ పత్రికలు మా యూనియన్ ఆఫీసు బల్లమీద ఉన్నవి. మేము కరవు భత్యము వార్త ఉన్న పుట చదివి, పత్రిక మడిచితిమి.

2005 నాటికి మూడు బూతులును మూతపడినవి. ఆయన మమ్ము ఒక్క మాట అనలేదు. ఒకనాడు ఆఫీసునకు వచ్చి కూర్చుండి, "సెక్రటరీ గారూ, సిగ్నలు ఎర్రగా ఉన్నప్పుడు బండి తీసినవాడిని నేను కాదండీ. ఆ సిగ్నలు ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేదు" అనెను. నలుబది ఏండ్లు బండి వెనుక పచ్చజెండా ఊపిన మనిషి ఆ మాట అనెను. మేము తల వంచుకొంటిమి. నేడు ఈ ప్రసంగము చేయుటకు అసలు కారణము ఆ మాటయే.

నాలుగు ప్రశ్నలు

ఆ అనుభవము తరువాత, ఎవరైన సభ్యుడు "ఫలానా వ్యాపారములో సొమ్ము పెట్టుదునా?" అని అడిగినచో మేము నాలుగు ప్రశ్నలు వేయుచున్నాము. వీటిని మీ శాఖలలో గోడపై వ్రాసి ఉంచుడని కోరుచున్నాము.

మొదటి ప్రశ్న: ఈ గిరాకీ జనుల అవసరము నుండి పుట్టినదా, ఒక్క ఉత్తరువు నుండి పుట్టినదా? బిడ్డతో మాట్లాడవలెనన్న అవసరము పోలేదు. బూతుకు పోవలసిన అవసరము పోయినది. ఈ రెండింటికి భేదము తెలియక మన గార్డు గారు మునిగిరి.

రెండవ ప్రశ్న: ఆ ఉత్తరువు ఎవరి చేతిలో ఉన్నది, ఎంత త్వరగా మారగలదు? ఈ వీధుల నుండియే సాక్ష్యము చెప్పుదుము. 2011లో ప్రిలిమినరీలో ఆప్టిట్యూడ్ పేపరు పెట్టిరి. దానికై ప్రత్యేక తరగతులు వెలసినవి. హిందీ, ప్రాంతీయ భాషా అభ్యర్థులు 2014లో ఢిల్లీ వీధులలో ఆందోళన చేసిరి. 2015లో ఆ పేపరులో కనీస మార్కులు వచ్చిన చాలునని మార్చిరి. ఆ తరగతుల విలువ ఆ ప్రకటనతో మారిపోయినది. 2013 మార్చిలో ఇంకొక వింత జరిగినది. ఒక భాషా సాహిత్యమును ఐచ్ఛిక విషయముగా తీసికొనవలెనన్న, డిగ్రీలో ఆ సాహిత్యమే చదివియుండవలెనని ప్రకటించిరి. తెలుగు సాహిత్యము నమ్ముకొన్న మన ఇంజనీరింగు పిల్లలు గుండె చిక్కబట్టుకొనిరి. దేశమంతట నిరసన లేవగా అదే నెలలో ఆ షరతును ఉపసంహరించిరి. ఒక్క మాసములో తలుపు మూసి, మరల తెరచిరి. అట్టి తలుపు మీద ఆధారపడిన కొట్టులో జీవితకాలపు పొదుపు పెట్టదగునా?

మూడవ ప్రశ్న: డబ్బు ఎవరి జేబు నుండి వచ్చును? శిక్షణ తరగతులపై 2003 జూలై నుండి సేవా పన్ను, 2017 జూలై 1 నుండి నూటికి పదునెనిమిది చొప్పున జి.ఎస్.టి. ఉన్నవి. అనగా లక్ష రూపాయల రుసుముపై పదునెనిమిది వేలు పన్ను. కేంద్రమే చెల్లించునని కొందరు తండ్రులు అనుకొనుచున్నారు. రసీదు తిప్పి చూచుడు, చెల్లించినది మీరే. బేరగాడు మన వంటి జీతగాడైనప్పుడు, అతని ఇల్లు ఎంతవరకు భరింపగలదో అంతవరకే ఆ వ్యాపారమునకు ఆయుస్సు.

నాలుగవ ప్రశ్న: నియమములన్నియు పాటించిన తరువాత కూడ లాభము మిగులునా? ఇది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. దీనిని గురించి కొంత నిలిచి చెప్పవలెను.

నేలమాళిగ

2024 జూలై 27, శనివారము సాయంత్రము. గట్టి వాన కురిసినది. ఇచ్చటికి నడచిపోగల దూరములోనే ఒక శిక్షణా కేంద్రపు నేలమాళిగలోనికి వీధి నీరు విరుచుకుపడినది. అందులో గ్రంథాలయము నడుచుచున్నది. ముగ్గురు విద్యార్థులు మునిగి మరణించిరి: ఒకరు ఉత్తర ప్రదేశ్ బిడ్డ, ఒకరు తెలంగాణ నుండి వచ్చిన బిడ్డ, ఒకరు కేరళ బిడ్డ. ఆ నేలమాళిగకు ఉన్న అనుమతి సామానులు ఉంచుకొనుటకు, వాహనములు నిలుపుటకు. చదువుకొనుటకు కాదు. ఆగస్టు 2న ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది, ఆగస్టు 5న సర్వోన్నత న్యాయస్థానము తనంతట తానుగా విచారణకు తీసికొన్నది. అంతకు పదమూడు మాసముల ముందు, 2023 జూన్ 15న, ముఖర్జీ నగర్‌లో ఒక శిక్షణా భవనము అంటుకొనగా పిల్లలు కిటికీల నుండి తాళ్లు, తీగలు పట్టుకొని దిగిన దృశ్యము దేశమంతయు చూచినది.

వ్యాపార లెక్కలో ఈ నేలమాళిగ ఏమి? అద్దె ఎక్కువైన వీధిలో, సామానుల గదిగా అనుమతి పొందిన చదరపు అడుగును చదువు గదిగా అమ్ముకొనుట. ఆ రెండు ధరల వ్యత్యాసమే లాభము. నియమము పాటించినచో ఆ లాభము లేదు. దానిని అవకాశము అనరాదు. అది ఇతరుల ప్రాణములపై తెచ్చిన అప్పు. ఆ అప్పును ఆనాడు మూడు కుటుంబములు తీర్చినవి.

ఈ మాట మనకు బయటివారి కంటె బాగుగా అర్థము కావలెను. రైల్వేలో ప్రతి భద్రతా నియమము వెనుక ఒక ప్రమాదము ఉన్నదని గ్యాంగుమన్ మొదలు స్టేషను మాస్టరు వరకు ఎరుగుదురు. నియమము పుస్తకములో రక్తముతో వ్రాసియున్నదని మన పెద్దలు అనెడివారు. అట్టి మనము, బిడ్డను చేర్పించునప్పుడు రుసుము ఎంత అని అడిగి, తలుపులు ఎన్ని అని అడుగక వచ్చుచున్నాము.

కావున తల్లిదండ్రులకు కొన్ని మాటలు. 2024 జనవరిలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ శిక్షణా కేంద్రములకు మార్గదర్శకములు పంపినది. ఒక్కొక్క విద్యార్థికి కనీసము ఒక చదరపు మీటరు చోటు ఉండవలెననియు, రుసుము పూర్తిగా చెల్లించి మధ్యలో మానినవారికి మిగిలిన కాలపు సొమ్మును పది దినములలో తిరిగి ఇవ్వవలెననియు అందులో ఉన్నది. అవి రాష్ట్రములు అమలుపరచవలసిన మార్గదర్శకములే గాని వాటంతట అవి చట్టము కావు. అయినను సంతకము పెట్టుటకు ముందే ఆ షరతును కాగితముపై అడుగుటకు మీకు ఆధారము. 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు ప్రకటనల నివారణకు ఇంకొక ఉత్తరువు ఇచ్చెను. ఎంపికైన అభ్యర్థి లిఖితపూర్వక సమ్మతి లేనిదే అతని బొమ్మ వేయరాదు. ఆ సమ్మతి కూడ ఎంపికైన తరువాత తీసికొన్నదై ఉండవలెను. అతడు ఏ తరగతి చదివెనో చెప్పవలెను. గోడ మీది బొమ్మలను ఇక ఆ కన్నుతో చదువుడు. సొమ్ము తిరిగి రానిచో 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవచ్చును.

మనము చేయదగినది

"వ్యాపారులు చేయునది చెప్పితిరి, మోసములు చెప్పితిరి, మనమేమి చేయగలము?" అని మీరు అడుగుదురు. ముందు చేయరానిది చెప్పుదుము. రైల్వే ఉద్యోగులకు 1966 నాటి ప్రవర్తనా నియమావళి, తపాలా ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉన్నవి. రెండింటిలోను పదునైదవ నియమము, అనుమతి లేనిదే ఉద్యోగి ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని వ్యాపారము చేయరాదని చెప్పుచున్నది. భార్య పేర, కొడుకు పేర ఉన్న వ్యాపారమును కూడ ప్రభుత్వమునకు తెలియపరచవలెను. పదహారవ నియమము షేర్లలో జూదము వంటి కొనుగోలు అమ్మకములను నిషేధించుచున్నది. గ్రామీణ డాక్ సేవకుల నియమములు వేరు. ఈ సంగతి తెలియక ఛార్జిషీటు తెచ్చుకొన్న సభ్యుల పక్షమున మేము ఎన్ని పర్యాయములు విచారణాధికారుల ఎదుట కూర్చుంటిమో లెక్క లేదు. ఉద్యోగములో ఉన్నంతకాలము అవకాశము మన బిడ్డలది, మన పెన్షనర్లది. దానిని ముందుగా చూచి చెప్పు బాధ్యత మనది.

అయితే ఉద్యోగుల మేలు కొరకు నెలకొల్పు సహకార సంఘములకు ఆ నియమావళి కొంత వెసులుబాటు ఇచ్చినది. అచ్చటనే ఒక ఆలోచన మీ ముందు ఉంచుచున్నాము. ఈ కాలనీలోనో, సమీపముననో, మన బిడ్డల కొరకు మనమే ఒక వసతి గృహము నడుపగలమా?

నాలుగు ప్రశ్నలను మనపైననే ప్రయోగించి చూతము.

అవసరము నిజమైనదేనా? నిన్న మీరు చూచిన గదులే సాక్ష్యము. అయితే 2020లో కరోనా కాలమున పాఠములు ఫోనులోనికి పోయినవి. ఇంటి వద్దనే చదువుకొను పిల్లలు ఇప్పుడు కలరు. అందుచేత భవనము కొనరాదు. లీజుకు మాత్రమే తీసికొనవలెను.

ఉత్తరువు ఎట్లున్నది? 2022 జూలై 18న దినమునకు వేయి రూపాయల లోపు గదులకు ఉన్న పన్ను మినహాయింపు తీసివేసిరి. దానిపై వసతి గృహములకు నూటికి పన్నెండు చొప్పున పన్ను పడునని 2023లో కర్ణాటకలో తీర్పు వచ్చినది. 2024 జూన్ 22న జి.ఎస్.టి. కౌన్సిలు 53వ సమావేశములో, ఒక్కొక్కరికి నెలకు ఇరువది వేలు మించని అద్దెపై, కనీసము తొంబది దినములు ఎడతెగక ఉన్నచో, పన్ను ఉండరాదని సిఫారసు చేయగా జూలైలో అది అమలైనది. ఇచ్చటి హాస్టలు యజమానులు ఈ ఉత్తరువు వచ్చిన వారములోనే తెలిసికొనియుందురు. మనలో ఎందరికి తెలియును? మీ పిల్లల రసీదులో నేటికిని ఆ పన్ను వసూలు చేయుచున్నారేమో, ఈ సాయంత్రమే చూడుడు. రెండేండ్లలో రెండు మారులు మారిన నియమము మరల మారవచ్చునని కూడ గుర్తుంచుకొనుడు.

డబ్బు ఎవరిది? మన సభ్యులదే. మిగిలినది మరల సభ్యులకే చేరును.

నియమములు పాటించి లెక్క కుదురునా? ఒక లెక్క వేయుదము. ముప్పది పడకలు, పడకకు పదివేలు అనుకొన్నచో నెలకు మూడు లక్షలు, ఏటికి ముప్పదియారు లక్షలు. ప్రిలిమినరీ ముగిసిన తరువాత పలువురు గదులు ఖాళీ చేయుదురు. పది పడకలు మూడు మాసములు ఖాళీగా ఉన్నచో మూడు లక్షలు తగ్గును. మిగిలిన ముప్పదిమూడు లక్షలలో భవనపు లీజు, కరెంటు, వంటమనిషి, కాపలాదారు, అగ్నిమాపక ఏర్పాట్లు, మరమ్మతులు జరుగవలెను. నేలమాళిగలో ఒక్క పడక వేయరాదు. రెండవ మెట్లదారి మూయరాదు. వంటమనిషికి కనీస వేతనము తగ్గరాదు. ఈ లెక్క కుదిరినచో ముందుకు పోదము. కుదరనిచో, పది పడకలు అదనముగా ఇరికించి కుదిర్చెదమని ఎవ్వరును అనరాదు. ఆ మాట అన్న దినమున మనకును ఆ నేలమాళిగ యజమానికిని భేదము లేదు.

బహుళ రాష్ట్ర సహకార సంఘముల 2002 చట్టము ప్రకారము, సంబంధిత ప్రతి రాష్ట్రము నుండి కనీసము యాబది మంది వ్యక్తులు సభ్యులుగా ఉండవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఢిల్లీ కలిపినచో నూట యాబది మంది. ఈ హాలులోనే సగము మంది ఉన్నారు. ఇప్పుడే తీర్మానము చేయుడని మేము కోరుట లేదు. అయిదుగురు సభ్యులతో ఒక ఉపసంఘము వేసి, ఆరు మాసములలో లెక్కలు తెప్పించి, వచ్చే సమావేశములో ఉంచవలెనని మాత్రమే ప్రతిపాదించుచున్నాము. ఆ ఉపసంఘము "వద్దు" అని నివేదిక ఇచ్చినను మనకు లాభమే. మూడవ బూతు తెరువకుండ ఆగినవారమగుదుము.

చివరి మాట. ప్రతి శాఖలోను వారమునకు ఒక గంట, కరవు భత్యము ఉత్తరువులతో పాటు ఇతర ప్రకటనలను కూడ చదివి వినిపించు ఏర్పాటు చేయుడు: పన్నులవి, టెలిఫోనువి, మునిసిపాలిటీవి, పరీక్షలవి. చదువుకొన్న మన బిడ్డలకే ఆ పని అప్పగించుడు. ఈ వీధులలో వారు రాత్రింబవళ్లు చేయుచున్నది ఆ చదువే గదా. ప్రతి ఉత్తరువు వద్ద ఒక్క ప్రశ్న అడుగుడు: దీని వలన రేపు ఎవరు కొట్టు తెరచును, ఎవరు డబ్బు చెల్లింతురు?

ఆ గార్డు గారు ఇప్పుడు లేరు. సిగ్నలు ఎక్కడ ఉంటుందో ఎవరూ చెప్పలేదని ఆయన అన్న మాటకు మేము ఆనాడు జవాబు చెప్పలేకపోతిమి. ఇక ముందు పదవీ విరమణ చేయు ఏ సభ్యుడును మన ఆఫీసులో ఆ మాట అనవలసిన దినము రాకుండ చూచుట మన పని.